గొల్లకావడి ఫోటో, మగన్‌భాయ్ ఎర్ర బోర్డు

ఫిజీ దీవుల్లో, లౌటోకాలో నేను ముప్పై నాలుగేళ్ళు ఫోటోలు తీశాను. మొదటి ఎనిమిదేళ్ళు ఒకరి దగ్గర జీతానికి, తర్వాత ఇరవై ఆరేళ్ళు నా సొంత స్టూడియోలో. కూడి చూసుకున్నాకే రాశాను, మీరు మళ్ళీ కూడక్కర్లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను రెండే అడుగుతారు. ఏ కెమెరా కొనాలి? నెలకి ఎంత మిగులుతుంది? మొదటిదానికి నా జవాబు, ఏదైనా కొనండి. రెండోది అడగకండి.

ఇక్కడ మా పిల్లలు ఇంట్లో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడతారు. తెలుగు మా వయసువాళ్ళ నోళ్ళలోనూ, భజనల్లోనూ మిగిలింది. నాకు రాయడం మా తాతయ్య నేర్పాడు, పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి వేలితో దిద్దించి. అయినా ఇది తెలుగులోనే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను తిట్టబోయేవాళ్ళలో ఎవరికీ తెలుగు చదవడం రాదు. తెలుగు సంఘం ప్రెసిడెంటుకి కూడా రాదు.

లైసెన్సులూ, అప్పులూ, షీల్డులూ ఇందులో ఉండవు. ఒక యజమాని గురించీ, ఒక ఆర్డరు గురించీ చెబుతాను. ఆ ఆర్డరు, ఊరి మధ్యలో నిలబడి ఆకాశంలో కంటికి కనపడని ఒక ఎర్రటి పొగని ఫోటో తీసి ఇమ్మని. నా జీవితంలో ఎలా చెయ్యాలో తెలియకుండా ఒప్పుకున్న పని అదొక్కటే.

పెళ్ళి రెండుసార్లు చేయించిన మనిషి

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మగన్‌భాయ్ స్టూడియోలో చేరాను. జెండా ఎగరేసిన వారం ఊరు ఊరంతా కుటుంబాలతో సహా వచ్చి ఫోటోలు దిగింది. దువ్వెన పట్టుకుని తలుపు దగ్గర నిలబడడం నా మొదటి ఉద్యోగం. దేశం కొత్తదైనా తలలు పాతవే, నూనె కారుతూ ఉండేవి.

మగన్‌భాయ్ గుజరాతీ ఆయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల ప్యాంటులో ఉండేవాడు. డబ్బు దగ్గర గట్టి. జీతం ఇచ్చేటప్పుడు నోటు ఒక చివర ఆయన, ఇంకో చివర మనం కాసేపు పట్టుకుని ఉండాల్సి వచ్చేది. కానీ ఒక్క విషయంలో ఆయనకి డబ్బు గుర్తుండేది కాదు. అది ఫాగ్.

ఫిల్ము మీద పడకూడని వెలుతురు కొంచెం పడినా నెగెటివ్ మీద మబ్బులాంటి మరక వస్తుంది. దాన్నే మేం ఫాగ్ అనేవాళ్ళం. ఫాగ్ పడిన ఫోటో మగన్‌భాయ్ షాపు గుమ్మం దాటేది కాదు.

ఒకసారి ఒక పెళ్ళి ఫిల్ము కడుగుతూ ఆయన చీకటి గదిలో ఉన్నాడు. ఫోటోల కోసం వచ్చిన పెళ్ళికొడుకు నాయనమ్మ, నేను ఆపేలోపే, లడ్డూల పళ్ళెంతో వెళ్ళి ఆ తలుపు తీసింది. "అయ్యో నాయనా, చీకట్లో కూకున్నావేటి? దీపం తెమ్మంటావా?" అంది. పెళ్ళిలో సగం తెల్లబోయింది.

ఇంకొకరైతే మిగిలిన సగం ఇచ్చి పంపేసేవారు. మగన్‌భాయ్ ఆ కుటుంబాన్ని మూడు రోజుల తర్వాత మళ్ళీ పట్టుచీరలు కట్టించి, తన ఖర్చుతో పందిరి వేయించి, అగ్ని చుట్టూ తిప్పాడు. పెళ్ళికొడుకు మేనమామ అడ్డం పడ్డాడు.

"రెండోసారి తిరిగితే రెండో పెళ్ళి అవదా?"

"అదే పిల్ల కదా, రెండో పెళ్ళి ఎలా అవుద్ది?" అన్నాడు పురోహితుడు. అన్నాడే గానీ రెండో దక్షిణ పుచ్చుకున్నాడు. అత్తగారు రెండో చీర అడిగింది. పెళ్ళికూతురు మాత్రం ఏడవలేదు. మొదటిసారి ఏడ్చింది, ఈసారి నవ్వింది. ఆ ఫోటోలు మా షాపులో అన్నిటికంటే బాగా వచ్చిన పెళ్ళి ఫోటోలు.

నాకు ఆయన నేర్పింది అంతే. మిగతావన్నీ ఫిల్ము డబ్బాల మీద రాసి ఉంటాయి.

ఆరకూడని బోర్డు

ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన స్టూడియోకి సరిగ్గా ఎదురుగా నా స్టూడియో పెట్టాను. వీధిలో చవగ్గా దొరికిన గది అదొక్కటే. చదును పైకప్పు ఉండడం నాకు తర్వాత పనికొచ్చింది. మగన్‌భాయ్ కోప్పడలేదు. ఫోటోలు పెద్దవి చేసే పాత ఎన్లార్జర్ ఒకటి ఊరికే ఇచ్చి పంపాడు. రెండు నెలలు తిరక్కుండా ఆస్ట్రేలియా నుంచి ఓడ మీద ఒక నియాన్ బోర్డు తెప్పించాడు. మనిషంత ఎత్తు ఎర్రటి అక్షరాలు, పక్కన కన్ను కొట్టే ఎర్రటి కెమెరా. నా కిటికీ కర్టెను మూసినా లోపల అందరూ కోపంగా ఉన్నట్టు కనిపించేవారు.

"ఇదేంటి మగన్‌భాయ్?" అని అడిగాను.

"ప్యార్ వేరు బేటీ, బోర్డు వేరు," అన్నాడు.

బోర్డుకి పూజ చేయించాడు. పండిట్‌జీ కొబ్బరికాయ కొట్టి, అక్షింతలు చల్లి, మీట వేయించి, "ఏ బత్తీ నై బుతాయీ," అన్నాడు. ఈ దీపం ఆర్పకూడదని. కొత్త షాపులకి అందరూ చెప్పే మాటే అది. ఆ సాయంత్రం వరకూ అని ఆయన ఉద్దేశం. మగన్‌భాయ్ అలా అర్థం చేసుకోలేదు. ఆ ఏడాది వ్యాపారం పెరిగింది, దాంతో నమ్మకం బిగిసింది. పగలూ రాత్రీ, ఎండలోనూ ఆ బోర్డు వెలుగుతూనే ఉండేది. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చెప్పగలను, అయిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆరలేదు.

పంటి డాక్టరు దగ్గర పుట్టిన ఆర్డరు

సంఘం ప్రెసిడెంటు అప్పన్న నాయుడు మంచి వక్త. మైకు ముందు నిలబడ్డాక తను ఏం చెప్పబోతున్నాడో తనకే తెలిసేది కాదు. బోర్డు వెలిగిన అయిదో ఏడు, ఒకరోజు పంటి డాక్టరు దగ్గర నోట్లో దూది కుక్కుకుని కూర్చుని ఏదో పత్రిక తిరగేస్తే, అందులో ఎర్రటి నీహారిక బొమ్మ కనిపించింది. ఆ ఆదివారమే సభలో అనేశాడు.

"మన కొత్త హాల్లో ఎవరి హాల్లోనూ లేని ఫోటో పెడతాం! ఆకాశంలోది! కొన్నది కాదు, మన లౌటోకా నుంచే తీసింది! మన గంగమ్మ అక్క తీస్తాది!"

నేను మూడో వరసలో కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాను. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా పేరని తర్వాత తెలిసింది.

మర్నాడు ఆయన పత్రిక కాగితం చింపి తెచ్చాడు. అది గొల్లకావడి చుట్టూ ఉండే పొగ. గొల్లకావడి మీకు తెలిసిందే, వరసగా మూడు చుక్కలు, వాటికి వేలాడే కుండల్లాంటి ఇంకొన్ని. మా దక్షిణాన అది తలకిందులుగా కనిపిస్తుంది, కుండలు పైకి ఉంటాయి. అందుకే పాలన్నీ ఒలికిపోయి పాలపుంత అయిందని తాతయ్య చెప్పేవాడు. ఆ కావడి చుట్టూ సగం విరిగిన చేతి గాజులా వంగిన ఎర్రటి పొగ ఒకటి ఉంది. చాలా పెద్దది, చాలా పలచన. చీకటి అడవిలో కూడా కంటికి ఆనదు. ఫిల్ము మీద చాలాసేపు పోగుపడితే తప్ప దొరకదు.

"కుండలో మెరిసే చిన్న పొగ ఇంకోటుంది. అది తీస్తాను, సులువు," అన్నాను.

"వద్దక్కా, పుస్తకంలోదే కావాలి."

"ఇది ఊళ్ళోంచి రాదు."

"అయితే ఈ కాగితాన్నే ఫోటో తీసెయ్యి. ఎవడికి తెలుస్తాది?"

"నాకు."

"నువ్వు కాకుండా?"

"నేను చాలు."

ఆయన దూది లేకుండానే దూది ఉన్నట్టు మాట్లాడాడు. "సూడక్కా, సంఘం పెళ్ళిళ్ళూ, పండగలూ, స్కూలు ఫోటోలూ అన్నీ నీకే ఇస్తన్నాం. హాలు తెరిచే రోజుకి గోడ మీద ఫోటో ఉండాల. లేదంటే కమిటీలో నేనేటి చెప్పుకుంటాను?"

సంఘం పని నా రాబడిలో సగానికి కొంచెం పైన. హాలు తెరిచేది ఏప్రిల్ నెలలో. కాబట్టి ఒక పక్క సగం స్టూడియో, ఇంకో పక్క నేను తీయని ఫోటో కింద నా పేరు. నేను తీస్తానన్నాను.

నవాకా చీకటి

మా ఆయన మిల్లులో వడ్రంగి. రెండు చెక్కలకి తలుపు మడతబందు బిగించి, వాటి మధ్య ఒక పొడుగు మరమేకు పెట్టి ఇచ్చాడు. పై చెక్క మీద కెమెరా కూర్చుంటుంది. భూమి తిరిగే కొద్దీ చుక్కలు జరుగుతాయి కదా, మరని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే కెమెరా వాటి వెంటే జరుగుతుంది. లెన్సు ముందు పక్క వెలుతురు పడకుండా పాలడబ్బా గొట్టం పెట్టాను. దాని లోపల ముదురు ఎరుపు గాజు. ఆ గాజు రేవు దీపాల పసుపునీ వీధి దీపాల నీలాన్నీ ఆపేస్తుంది, నీహారిక ఎరుపుని వదులుతుంది.

ముందు అసలు చీకట్లో పరీక్ష చేద్దామని, నాడీ అనే ఊరి బయట నవాకాలో చెరకు వేసే మా చిన్నమ్మ సూరమ్మ ఇంటికి వెళ్ళాను. చెరకు తోట, కొండ, ఒక్క దీపం లేదు. పెరట్లో చెక్కలు అమర్చి మర మొదటి చుట్టు తిప్పానో లేదో చిన్నమ్మ లాంతరుతో వచ్చింది.

"చీకట్లో కూకున్నావేటే? మేం లేమా?"

"చీకటే కావాలి చిన్నమ్మా. దీపం తియ్యి."

"ఇంటికొచ్చిన ఆడకూతుర్ని చీకట్లో వదిలేత్తే జనం ఏటంటారు?"

దీపం తీయించేసరికి ఆవిడ కొడుకు పెద్ద పెట్రోమాక్సు తెచ్చాడు. అది ఆర్పించాను. పక్కింటి వాళ్ళు చాప పరిచి ఇక్కడివాళ్ళు తాగే వేరు నీళ్ళు, యంగోనా, కలిపారు, మర్యాదకి రెండు కొబ్బరి చిప్పలు తాగాను. మూడో ఇంటివాడు, అక్కకి ఏదో కనపడటం లేదట అని విని, ట్రాక్టరు తెచ్చి దాని రెండు దీపాలూ నా మొహం మీదకి తిప్పాడు. నేను దండం పెట్టి అందరిచేతా అన్నీ ఆర్పించాను. అప్పుడు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు, సూరమ్మ ఇంట్లో ఒక్క దీపమూ లేదేమిటని భయపడి, లారీ తిప్పుకుని వచ్చారు.

ఆ ఫిల్ములో ట్రాక్టరు చాలా బాగా వచ్చింది.

మా వాళ్ళు ఎవరినీ ఆకలితో గానీ చీకట్లో గానీ ఉండనివ్వరు. ఆ నాయనమ్మా, ఈ చిన్నమ్మా ఒకటే జాతి. పిల్లలూ, మీ కెమెరాకి శత్రువులు దొంగలు కారు. ప్రేమ ఉన్నవాళ్ళు. ఎలాగూ ప్రెసిడెంటు లౌటోకా నుంచే అని మైకులో అన్నాడు. నేను నా పైకప్పుకే తిరిగి వచ్చాను.

తెల్ల గుడ్డలు

ఫిబ్రవరినీ మార్చినీ వాన తినేసింది. ఏప్రిల్లో ఆకాశం విప్పారేసరికి, గొల్లకావడి పొద్దుగూకగానే పడమటికి వాలి ఉంది. నా పైకప్పుకి పడమట, ఎదురుగా, ఏ బోర్డుందో మీకు తెలుసు.

పసుపూ నీలమూ నా ఎర్ర గాజు దగ్గర ఆగిపోయాయి. మగన్‌భాయ్ ఎరుపు ఆగలేదు. నీహారిక ఎరుపూ నియాన్ ఎరుపూ పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ఒకరికి తలుపు తీస్తే ఇద్దరూ వస్తారు. రెండుసార్లు తీశాను, రెండుసార్లూ ఫిల్మంతా టమాటా పచ్చడి.

వీధి దాటి వెళ్ళాను.

"మగన్‌భాయ్, మీ బోర్డు ఒక గంట ఆపాలి."

"బంద్? తుమ్ పాగల్ హోయ్ గయా?" అన్నాడు, నీకు పిచ్చెక్కిందా అని. తర్వాత కుర్చీ చూపించి టీ తెప్పించాడు. "దేనికి?"

"గొల్లకావడి చుట్టూ పొగ ఉంది. దాన్ని తీస్తున్నాను."

"కనపడుతుందా?"

"కనపడదు."

"కనపడనిదాని కోసం కనపడేదాన్ని ఆపమంటావు." టీ తాగి కప్పు పక్కన పెట్టాడు. "పండిట్‌జీని అడుగుతా."

పండిట్‌జీ తన మాట అయిదేళ్ళుగా కరెంటు తింటోందని అప్పుడే తెలుసుకున్నాడు. కానీ వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. ఆర్పకూడదు గానీ తెర వేయొచ్చన్నాడు. నైవేద్యం పెట్టేటప్పుడు దేవుడికి వేయరా? అలాగే.

మగన్‌భాయ్ దగ్గర అంత పెద్ద తెర ఏముంది? మొదట నల్ల గుడ్డలు కట్టించి, అవి చాలక వాటి పైన పాస్‌పోర్టు ఫోటోల వెనక కట్టే తెల్ల గుడ్డలు కట్టించాడు. పొద్దుగూకింది. అయిదేళ్ళలో మొదటిసారి మా వీధిలో చీకటి చీకటిలా ఉంది. నేను పైకప్పెక్కి, గాజు పెట్టి, మర తిప్పడం మొదలుపెట్టాను. నలభై నిమిషాలు తిప్పాలి. ఆపితే చుక్కలు గీతలవుతాయి.

తెల్ల గుడ్డ కప్పిన బోర్డుకి ఊళ్ళో ఒకటే అర్థం అని మా ఇద్దరికీ తట్టలేదు. ఆ బోర్డు ఎందుకు ఆరుతుందో లౌటోకాలో అందరికీ తెలుసు. మగన్‌భాయ్ పోతేనే.

ముందుగా టాక్సీ స్టాండు నుంచి సేమీ అనే డ్రైవరు యంగోనా వేళ్ళ కట్ట పట్టుకుని వచ్చాడు. ఫిజీ వాళ్ళు పరామర్శకి అలాగే వస్తారు. ఆయన వెనక బట్టల షాపువాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని. మగన్‌భాయ్ గుమ్మంలో చీకట్లో నిలబడి ఉన్నాడు. బోర్డు లేకపోతే ఆయన మొహం ఎలా ఉంటుందో ఎవరికీ గుర్తు లేదు.

"మీరు ఆయన తమ్ముడా? సువా నుంచి ఎప్పుడొచ్చారు?" అంది ఒకావిడ. "గొంతు అచ్చం ఆయనదే!"

"హమ్ మగన్! హమ్ జిందా హై!" నేనే మగన్‌ని, బతికే ఉన్నానని ఆయన గోల.

"పాపం, దుఃఖంలో ఉన్నాడు," అన్నారెవరో.

నాకు పైనుంచి ప్రతి మాటా వినిపిస్తోంది. మర వదిలి దిగడానికి లేదు.

"మనిషి మంచోడే," అన్నాడు బట్టల షాపాయన, పోయినవాళ్ళ గురించి చెప్పే గొంతుతో. "డబ్బు దగ్గర కొంచెం గట్టి గానీ."

"కొంచెమా? నా పెళ్ళి ఫోటోకి ఫ్రేముతో పాటు మేకు డబ్బులు కూడా తీసుకున్నాడు."

"మేకు ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"అయితే గట్టి కాదు, లెక్క."

అంతవరకూ ఓర్చుకున్నాడు మగన్‌భాయ్. సేమీ యంగోనా కట్ట ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, పోయినాయన గుణాలు చెబుతూ గట్టిగా మొదలుపెట్టేసరికి ఓపిక అయిపోయింది. "నా మొహం చూడండి!" అని అరిచి గుడ్డల కొస పట్టుకుని లాగాడు. అన్నీ ఒక్కసారి ఊడి పడ్డాయి. వీధి ఎర్రబడింది. జనం ఆయన్ని చూశారు. ఒకావిడ మూర్ఛపోయింది. సేమీ ఒక్కడే తొణక్కుండా, "బులా, మగన్!" అని రోజూలాగే పలకరించి, చెయ్యి కలిపి, యంగోనా కట్ట మళ్ళీ పట్టుకుపోయాడు.

పైన నాది ముప్పయ్యో నిమిషం. ఒక చేత్తో మర తిప్పుతూ రెండో చేత్తో లెన్సు మూత వెతికి పెట్టేలోపు వెలుతురు పడాల్సినంత పడింది.

కర్పూరం

ఫిల్ము కడిగాను. మధ్యలో గొల్లకావడి. దాని పక్కన, చూడడం తెలిసినవాళ్ళు నిలబడి చూస్తే, సన్నగా వంగిన పొగ. వచ్చింది. మా ఆయన చెక్కల మీద, ఊరి మధ్యలోంచి, వచ్చింది. ఎడమ మూల కింద మాత్రం భగ్గున మండుతున్న ఎర్రటి మంట. అది బోర్డు.

మళ్ళీ తీద్దామంటే హాలు తెరిచే రోజు దాకా వాన తెరిపి ఇవ్వలేదు. పెద్దది చేసిన ఫోటో అప్పన్న నాయుడికి ఇస్తూ కింద అట్టముక్క మీద ఇంగ్లీషులో శుభ్రంగా రాసిచ్చాను: మధ్యలో సన్నగా ఉన్నది నీహారిక, మూలలో ఎర్రగా ఉన్నది నియాన్ దీపం, ఫాగ్. ఆ అట్ట లేకుండా గోడకి పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆయన ఫ్రేము వేయించాడు. ఫ్రేము అంచు సరిగ్గా అట్ట మీదికి వచ్చేట్టు వేయించాడు.

హాలు నిండింది. రాజధాని సువా నుంచి ముఖ్య అతిథి వచ్చాడు. తెర లాగారు. అందరి చూపూ మూలకే వెళ్ళింది.

"అబ్బా! ఎంత పెద్దగుందో!"

"అందులో స్వామి కనపడతన్నాడు. సూడు, కిరీటం."

కిరీటంలా కనపడింది బోర్డు మీది కెమెరా, కన్ను కొట్టేది. ముఖ్య అతిథి, అది భూమికి ఎంత దూరంలో ఉందని అడిగాడు. "కోట్ల మైళ్ళు," అన్నాడు అప్పన్న నాయుడు. ఎవరో పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. మూలకి హారతి ఇచ్చారు.

నేను లేచాను. "అది నీహారిక కాదు. మగన్‌భాయ్ బోర్డు. నా పైకప్పుకి ఇరవై గజాలు. నీహారిక మధ్యలో ఉంది."

"అక్క నిద్ర లేక అలిసిపోయింది," అన్నాడు అప్పన్న నాయుడు మైకులో. "కూకో అక్కా."

"కూర్చోను. ఫ్రేము కింద అట్ట ఉంది, తీసి చదవండి."

"బోర్డు ఆకాశంలోకెలా పోద్ది?" అని ఎవరో అన్నారు. నవ్వారు. సగం స్టూడియో ఆ నవ్వులో పోయిందని నాకు అప్పుడే తెలుసు.

మగన్‌భాయ్ కూడా పిలిచినవాళ్ళలో ఉన్నాడు. మొదట ఆయన మొహం వెలిగిపోయింది. ఎంత పెట్టి తెప్పించిన బోర్డు, ఇప్పుడు హారతి అందుకుంటోంది! "మేరా బోర్డ్!" అని పక్కవాళ్ళకి చూపించుకుంటూ ముందుకి వచ్చాడు. ప్రసాదం కూడా తీసుకున్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. మూల వదిలేసి మధ్యలోకి వంగాడు. అలాగే ఉండిపోయాడు. హారతి పట్టినాయన చెయ్యి నొప్పెట్టి పళ్ళెం దించేశాడు, మగన్‌భాయ్ ఇంకా లేవలేదు. ఫ్రేము అద్దానికి తగలకుండా వేలితో ఆ వంపు వెంట గీశాడు, మొదటి నుంచి చివరిదాకా. ఒక్క చోట తప్పలేదు.

"బేటీ, ఇదే కదా?"

"అదే."

"నాకు కనపడింది." హిందీలోకి మారి, అందరికీ వినపడేలా అన్నాడు. "గంగమ్మ చెప్పింది నిజం. మూలలోది నా బోర్డు. మధ్యలోది ఫోటో." తర్వాత నా ఒక్కదానికే వినపడేలా, "నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల నెగెటివ్ మీద ఫాగ్. అదీ నా ఫాగ్," అన్నాడు.

సోమవారం సంఘం కబురు వచ్చింది. ఇకనుంచి ఫోటోల పని మగన్‌భాయ్‌కి ఇచ్చారట. ఆయన పుచ్చుకున్నాడు. పుచ్చుకోడనుకునేవాళ్ళకి ఆయన తెలియదు. ప్యార్ వేరు.

కుర్చీ

వారం తిరిగాక వాన ఆగింది. పొద్దుగూకే వేళ మగన్‌భాయ్ వీధిలోకి వచ్చి పైకి చూసి కేకేశాడు.

"బేటీ! చెక్కలు తయారా?"

"తయారే. గుడ్డలు వద్దు మగన్‌భాయ్, మళ్ళీ చస్తారు."

"గుడ్డలు కాదు. ఆర్పేస్తా."

"పండిట్‌జీ?"

"ఆయన చెప్పింది దీపం గురించి. ఫాగ్ గురించి చెప్పలేదు."

మీట నొక్కాడు. అది కదల్లేదు, అయిదేళ్ళుగా ఒకే వైపు ఉండి బిగిసిపోయింది. తిట్టుకుంటూ లోపలికి వెళ్ళి ఫ్యూజు పీకాడు. వీధి చల్లబడ్డట్టయింది. తర్వాత ఆయన చేసిన పని నేను ఎన్నటికీ మరవను. కుర్చీ తెచ్చి షాపు ముందు వేసుకుని, నా పైకప్పుకి వీపు తిప్పి కూర్చుని, చేతిలో టార్చి గడ్డం కింద పెట్టుకుని తన మొహం మీద తనే వేసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఎవరూ ఏడవకుండా. నలభై నిమిషాలు కదలకుండా అలా కూర్చున్నాడు. చిన్న పిల్లలు జడుసుకున్నారు. సేమీ టాక్సీ ఆపి, పక్కన నిలబడి, టార్చి పట్టుకున్న చెయ్యి మార్చేటప్పుడు సాయం చేశాడు.

ఆ ఫోటోలో మూలన ఏమీ లేదు. మధ్యలో గొల్లకావడి, దాని చుట్టూ సగం చేతి గాజులాంటి వంపు. శుభ్రంగా, పలచగా ఉంది. మగన్‌భాయ్ నియమం ప్రకారం సంఘానికి తీసుకెళ్ళి, పాతది తీసి ఇది పెట్టమన్నాను, డబ్బు అక్కర్లేదన్నాను. అప్పన్న నాయుడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏటీ నేదక్కా."

పాతదే ఉంచుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది. శుక్రవారాలు దాని మూలకి పసుపు పెడతారు.

మగన్‌భాయ్ కొత్త ఫోటో కాపీ ఒకటి అడిగాడు. పూర్తి ధర ఇచ్చాడు, నోటు తన చివర వెంటనే వదిలేశాడు. షాపు ముందు అద్దాల అరలో, పెళ్ళికూతుళ్ళ మధ్య దాన్ని పెట్టాడు. ఫ్యూజు మళ్ళీ పెట్టి బోర్డు వెలిగించాడు, వ్యాపారం వ్యాపారమే. కానీ బోర్డు ఎరుపు ఆ అద్దం మీద సరిగ్గా ఫోటో ఉన్న చోటే పడేది. రోడ్డు మీంచి చూసేవాళ్ళకి ఎర్రటి అద్దం తప్ప ఏమీ కనపడేది కాదు.

"జరిపి పెట్టండి," అన్నాను.

"జరిపితే ఊరికే చూసి పోతారు. చూడాలనుకున్నవాడు లోపలికి వచ్చి అడగాలి."

అడిగినవాళ్ళకి ఆయన బోర్డు ఆర్పి చూపించేవాడు. దానికోసం కొత్త మీట వేయించాడు.

ఆయన పోయేదాకా అలాగే జరిగింది. నిజంగా పోయిన రోజు మాత్రం బోర్డు వెలుగుతూనే ఉంది, అందుకని ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఆ ముందు ఏళ్ళన్నీ, షాపు మూసాక నేను పైకప్పు మీద టీ తాగుతూ కూర్చునేదాన్ని. కొన్ని సాయంత్రాలు ఎదురుగా బోర్డు చప్పున ఆరేది. లోపల ఎవరో నిలబడి అడిగారన్నమాట. అది మళ్ళీ వెలిగేదాకా నేను లెక్కపెట్టేదాన్ని. కొందరికి పది లెక్కపెట్టేలోపే వెలిగేది. కొందరికి నా టీ చల్లారిపోయేది.

ఎవరైనా ఈ పని నాకు వస్తుందా అని అడిగితే, నేను ఇప్పటికీ ఆ ఫోటో చూపించి, ఎంతసేపు చూస్తారో అలాగే లెక్కపెడతాను.